214 రాడికల్స్ ముందే బట్టీ పట్టాలా?

"చైనీస్ మొదలుపెట్టాను, 214 రాడికల్స్ కంఠస్థం చేశాకే అక్షరాల జోలికి వెళ్లాలా?" అని అడిగారు. అస్సలు అక్కర్లేదండీ. రాడికల్ అంటే చైనీస్ అక్షరాలను నిఘంటువులో గుంపులుగా పేర్చడానికి వాడే ముక్క. వాటి పట్టిక ఉన్నది నిఘంటువులో అక్షరాన్ని వెతకడానికి. 214 అన్నది 1716 నాటి కాంగ్‌షీ అనే చైనీస్ నిఘంటువు లెక్క. చైనాలో 2009 ప్రమాణం ప్రకారం ప్రధాన రాడికల్స్ 201. పాత పట్టికలో 214వది వేణువు లాంటి వాయిద్యం, 17 గీతలు. అది నేర్చుకుని ఏ పేపరు చదువుతారు? నీరు, నోరు, చెయ్యి, మనిషి, స్త్రీ, చెట్టు, గడ్డి, మాట, గుండె లాంటివి ఓ నలభై వస్తే మొదటి ఏడాదికి ధారాళంగా సరిపోతాయి.

వాటిని వెతుకుతూనే నేర్చుకోండి. 'నది' అక్షరం తీసుకోండి. ఎడమ పక్క మూడు చుక్కల నీరు. రాడికల్ పట్టికలో 3 గీతల వరసలో అది ఉంటుంది. పక్కనున్న పేజీ నంబరు పట్టుకుని అక్షరాల సూచికలోకి వెళ్లి, రాడికల్ వదిలేసి మిగతా గీతలు లెక్కపెట్టాలి. నదికి 5, సరస్సుకి 9. ఆ గుంపులో దొరుకుతుంది.

దొరకలేదంటే నూటికి తొంభై సార్లు గీతల లెక్కే తప్పు. నోరు చదరంగా ఉంది కదా అని 4 అంటారు. పై గీత, కుడి గీత కలం ఎత్తకుండా ఒకే గీతగా రాస్తారు కాబట్టి 3. అనుమానముంటే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ గుంపులు కూడా చూడండి. కాంగ్‌షీ పద్ధతి నిఘంటువుల్లో మూడు చుక్కల నీరు 4 గీతల కింద, గడ్డి 6 గీతల కింద ఉంటాయి. అసలు రూపాన్నే లెక్కిస్తారు మరి.

చెవిలా కనిపించే రాడికల్ ఎడమనుంటే గుట్ట, కుడినుంటే ఊరు. శరీర భాగాల్లో చంద్రుడిలా ఉండేది నిజానికి మాంసం.

యాప్‌ల మీద నా ఫిర్యాదు ఒకటుంది. ప్రతి ముక్కకీ బొమ్మా, కథా అల్లుతారు, ధ్వని సంగతి ఎత్తరు. 'అమ్మ' అక్షరంలో ఎడమన స్త్రీ, కుడిన గుర్రం. ఆ గుర్రం అర్థం కోసం కాదు, 'మా' అనే ఉచ్చారణ కోసం. ఎక్కువ అక్షరాలు ఈ పద్ధతివే. రాడికల్ ఒక్కటే నేర్చుకుంటే సగమే చేతికొస్తుంది.

ఇంకొకటి: 'అడగడం' అనే అర్థమున్న అక్షరానికి చుట్టూ తలుపు, లోపల నోరు. కాంగ్‌షీలో అది నోటి కింద ఉంది. బయటి చట్రం కింద దొరక్కపోతే లోపలి ముక్క కింద వెతకండి.