పడకగదిలో మాత్రం పెట్టకు

అమ్మలూ,

పుట్టగొడుగులు పెంచడానికి స్పాన్ (పుట్టగొడుగు విత్తనం) ప్యాకెట్ తెచ్చుకున్నావని చదివి చాలా సంతోషం వేసింది. కానీ గడ్డీ స్పాన్ నింపిన బ్యాగును నీ మంచం పక్కన బీరువా మీద పెట్టాలనుకుంటున్నానని రాశావు చూడు, అక్కడ నాకు టెన్షన్ మొదలైంది. అందుకే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు అదే చెబుతాను.

నువ్వు పెంచబోయేది ముత్యపుచిప్ప పుట్టగొడుగు. ముదిరితే గొడుగు కింద నుంచి కంటికి కనపడనంత సన్నటి పొడి రాలుతుంది. అవే దాని బీజాలు. రోజూ ఆ గాలే పీలిస్తే కొందరికి దగ్గు, జ్వరం, ఆయాసం పట్టుకుంటాయి, ఊపిరితిత్తులు వాస్తాయి. మొదటి ఏడాది నేను కిటికీ లేని గదిలో పది బ్యాగులు వేలాడదీసి, ఇంకాస్త పెరగనీ అని కోయకుండా ఆగాను. నెల తిరగకుండా పొడి దగ్గు పట్టుకుంది. బ్యాగులు వసారాలోకి మార్చాకే తగ్గింది. ఎవరూ పడుకోని, గాలి ఆడే చోటు చూసుకో. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే కోసెయ్. అంచు చదునై పైకి లేచిందంటే ఆలస్యమైనట్టే. కోసేటప్పుడు మాస్క్ పెట్టుకో. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఈ పని ఇంటి బయటే చెయ్యి.

ఇక గడ్డి. పురుగుమందు కొట్టనిది, బూజు వాసన లేనిది కావాలి. రంగు వేసిన చెక్క పొట్టు, రోడ్డు పక్క గడ్డి వద్దు. పుట్టగొడుగు తను పెరిగే దాంట్లోని సీసం, కాడ్మియం లాంటివి లోపలికి లాక్కుంటుంది. గడ్డిని వేలెడు ముక్కలు కోసి, నానబెట్టి, 80 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ఉంచు. తర్వాత వడకట్టి ఆరబెట్టు. గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. పూర్తిగా చల్లారాకే సబ్బుతో చేతులు కడుక్కుని స్పాన్ కలిపి బ్యాగులో నింపు. కిలో ఎండుగడ్డికి 100 గ్రాములు చాలు. 25 డిగ్రీల దగ్గర, చీకట్లో, రెండు మూడు వారాల్లో బ్యాగంతా తెల్లటి దారాలు అల్లుకుంటాయి. ఆ తర్వాత వెలుతురు, గాలి, తేమ కావాలి. కాడలు పొడుగై గొడుగులు చిన్నగా ఉంటే గాలి చాలట్లేదని అర్థం.

ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే ఏం చేయాలని అడిగావు. ఆ ముక్క కోసి మిగతాది ఉంచుకుందామని అనుకోకు. బ్యాగు విప్పకుండా అలాగే ఇంకో కవర్లో కట్టి బయట పారెయ్. విప్పితే ఆ బూజు పక్క బ్యాగులకూ పాకుతుంది.

బ్యాగు మీద గానీ పూలకుండీలో గానీ నువ్వు వేయని రకం మొలిస్తే, ఎంత అందంగా ఉన్నా తినకు. పురుగులు తిన్నాయి కాబట్టి మంచిదేనని, వెండి చెంచా నల్లబడలేదు కాబట్టి విషం లేదని చెప్పేవాళ్లుంటారు. రెండూ తప్పే. డెత్ క్యాప్ అనే విషపు రకం ఉంది, ఉడికించినా దాని విషం పోదు. తిన్న ఆరు గంటలకో, మరింత ఆలస్యంగానో వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. మధ్యలో తగ్గినట్టే అనిపిస్తుంది, ఆ సమయంలోనే కాలేయం పాడవుతూ ఉంటుంది. ఎవరైనా తెలియని పుట్టగొడుగు తిన్నారని తెలిస్తే లక్షణాల కోసం ఆగకుండా, మిగిలిన ముక్క చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి.

కోసినవి కాగితపు సంచిలో ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడేసుకో. జిగురుగా మారినా, పుల్లటి వాసన వచ్చినా వదిలెయ్. పచ్చిగా తినొద్దు, బాగా ఉడకనివ్వు. మొదటిసారి అందరూ కొంచెమే తినండి, పడని వాళ్లుంటే తెలుస్తుంది. కోత అయ్యాక బ్యాగు పారెయ్యకు, నీళ్లు చల్లుతూ ఉంచు. వారం పది రోజుల్లో మళ్లీ మొగ్గలు వస్తాయి. అవి కనిపించిన రోజు నాకు ఫోటో పంపు.

మీ పెద్దమ్మ