మెలోడీ ప్రోగ్రాంలో గాయని మైక్‌కి సొంత ఎకో సెట్టు ఎలా కట్టుకోవాలి?

గాయని మైక్‌ని గిటార్ డిలే పెడల్‌కి (శబ్దాన్ని ఆలస్యంగా తిరిగి వినిపించి ఎకో ఇచ్చే డబ్బా), అక్కణ్ణుంచి మైక్‌సెట్ ఆంప్లిఫయర్‌కి కలిపితే గొంతు పల్చగా వస్తోందని, జివ్వుమని హమ్ వస్తోందని అడిగారు. పాదం చివరి మాటకి మాత్రమే ఎకో కావాలన్నారు.

తప్పు పెడల్‌ది కాదు. మామూలు డైనమిక్ మైక్ ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులే, గిటార్ పెడల్‌కి అంతకు చాలా ఎక్కువ కావాలి. పైగా మూడు పిన్నుల ఎక్స్ఎల్ఆర్ మైక్ కేబుల్‌లో 2, 3 పిన్నులు రెండూ కలిసి హమ్‌ని కొట్టేస్తాయి. గిటార్ జాక్‌లోకి వెళ్లేసరికి ఆ రక్షణ పోతుంది.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు మైక్‌సెట్ ఏ ఊరికి ఆ ఊరిదే, ఏ మిక్సర్ దొరుకుతుందో చెప్పలేం. అందుకని గాయని దగ్గరే ఒక చిన్న మిక్సర్ పెట్టుకోండి. ఎక్స్ఎల్ఆర్ మైక్ ఇన్‌పుట్ ఒకటి, ఖాళీ లైన్ ఛానెల్ ఒకటి, ఫేడర్ (ఛానెల్ శబ్దం హెచ్చించే, తగ్గించే మీట) తర్వాత తీసుకునే ఎఫెక్ట్ సెండ్ (గొంతు కాపీని పెడల్‌కి పంపే అవుట్) ఒకటి ఉంటే చాలు. మైక్ మిక్సర్‌లోకి, సెండ్ పెడల్‌లోకి, పెడల్ అవుట్ ఖాళీ ఛానెల్‌లోకి. అసలు గొంతు పెడల్‌ని తాకదు, కాబట్టి పెడల్ ఆగిపోయినా పాట ఆగదు.

పెడల్‌లో అసలు శబ్దాన్ని పూర్తిగా ఆపి, ఎకో ఒక్కటే బయటికి వచ్చేలా పెట్టండి. లేకపోతే ఒకే గొంతు రెండు దారుల్లో, కొద్ది తేడాతో వచ్చి కలిసి బోలుగా వినిపిస్తుంది. ఎకో తిరిగొచ్చే ఛానెల్‌లో సెండ్ నాబ్ సున్నా మీదే ఉండాలి. మర్చిపోయారా, ఎకో తన్నుతానే తిరిగి పంపుకుని నిమిషంలో కూత పెడుతుంది. సెండ్ లెవెల్ తక్కువలో మొదలెట్టి పెంచండి. మిక్సర్ ఇచ్చే లైన్ లెవెల్ (మైక్ కంటే చాలా బలమైన సిగ్నల్) ఎక్కువైతే పెడల్ లోపలే బరబరలాడుతుంది.

చివరి మాటకి ఎకో కోసం సెండ్ కేబుల్ మధ్యలో ఒక స్విచ్ డబ్బా కట్టుకోవాలి. రేకు డబ్బా, 6.35 మి.మీ. మోనో సాకెట్లు రెండు, 1 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి, నార్మల్లీ క్లోజ్డ్ రకం (తొక్కనంతసేపూ కలిసే ఉండేది) పుష్ ఫుట్‌స్విచ్ ఒకటి. ఇన్ సాకెట్ టిప్ (ప్లగ్ మొన తగిలే చోటు) నుంచి రెసిస్టర్ మీదుగా అవుట్ సాకెట్ టిప్‌కి. రెండు స్లీవ్‌లూ (ప్లగ్ ఒంటికి తగిలే చోట్లు) కలపాలి. స్విచ్‌ని అవుట్ టిప్‌కీ స్లీవ్‌కీ మధ్య. కాలు తీస్తే సెండ్ షార్ట్ అయి మూగబోతుంది, తొక్కితే ఎకోకి వెళ్తుంది. రెసిస్టర్ లేకపోతే మిక్సర్ అవుట్‌పుటే షార్ట్ అవుతుంది. ఈ స్విచ్ పెడల్ తర్వాత మాత్రం పెట్టకండి, కాలు తీయగానే ఎకో తోక తెగిపోతుంది.

డిలే టైమ్‌కి (ఎకో ఎంతసేపటికి రావాలో దానికి) 60,000ని పాట బీపీఎంతో (నిమిషానికి ఎన్ని దరువులో ఆ లెక్కతో) భాగించండి: 120కి 500 మిల్లీసెకన్లు, 90కి 667. రెండు మూడు మార్లు తిరిగితే చాలు. సంబల్‌పురి దరువు పాటల్లో అంతకంటే ఎక్కువైతే మాటలు డోలు కింద నలిగిపోతాయి. ఎకో ఛానెల్‌లో బేస్ బాగా తగ్గించండి. ఆ ఛానెల్‌ని మానిటర్‌కి (గాయని వైపు తిప్పి పెట్టిన స్పీకర్‌కి) పంపకండి, అక్కణ్ణుంచే కూత మొదలవుతుంది. కంప్రెసర్ (గొంతు హెచ్చుతగ్గుల్ని సమం చేసేది) పెట్టి 6 డీబీ మేకప్ గెయిన్ (ఆ తర్వాత మొత్తంగా పెంచే శబ్దం) ఇస్తే కూతకి అంతే దగ్గరవుతారు. ఇంకా, మైక్ తల మీది జాలీని పిడికిట్లో మూసి పాడొద్దని గాయనికి చెప్పండి. మైక్ వెనక వైపు శబ్దాన్ని తిరస్కరించే గుణం దాంతో పోతుంది.

మిక్సర్ అవుట్‌ని ఆంప్లిఫయర్ మైక్ సాకెట్‌లో నేరుగా గుచ్చితే బరబరే. ఆక్స్ ఇన్‌పుట్ (లైన్ లెవెల్ తీసుకునే సాకెట్) ఉంటే అందులో, లేకపోతే పాసివ్ డీఐ బాక్స్ (లైన్ లెవెల్‌ని మైక్ లెవెల్‌కి తగ్గించే, కరెంటు అక్కర్లేని డబ్బా) మీదుగా మైక్ సాకెట్‌లోకి. వాళ్ల ఆంప్లిఫయర్‌లో ఉన్న ఎకో నాబ్ సున్నాకి తిప్పించండి, మొహమాటపడొద్దు. హమ్ మిగిలితే డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (సిగ్నల్ కేబుల్ గ్రౌండ్‌ని విడదీసే స్విచ్) నొక్కాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టే అలవాటు మనవైపు ఉంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. మిక్సర్, పెడల్ అడాప్టర్, ఆంప్లిఫయర్ మూడూ ఒకే బోర్డు నుంచి తీసుకోండి. ఒకటి జనరేటర్ మీద, ఇంకొకటి గుడి లైన్ మీద ఉంటే హమ్ వచ్చే అవకాశం ఎక్కువ.