పెరట్లో అద్దె గదికి ప్లాను తిరిగొస్తే

విశాఖ మర్రిపాలెంలో 150 గజాల ఇంటి వెనక అద్దెకు గది వేద్దామంటే ప్లాను తిప్పి పంపారని, ఏం చేయాలని ఒకరు అడిగారు. కారణం దాదాపుగా సెట్‌బ్యాకే, అంటే ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ. అందులో గది వేయనివ్వరు, రేకుల షెడ్డయినా అంతే.

గదిని డాబా మీద వేసుకోండి. అక్కడా రేకులొద్దు, 2014 హుద్‌హుద్‌ తుఫానుకి ఎన్ని ఎగిరిపోయాయో తెలుసుగా.

1. పాత మంజూరు ప్లాన్లో ఎన్ని అంతస్తులకు అనుమతుందో చూడండి.

2. అందరూ వదిలేసేది పిల్లర్లు. మేస్త్రి "ఆగుతాయిలెండి" అంటాడు, నమ్మకండి. మన ఉప్పుగాలికి చువ్వలు లోపల్లోపలే తుప్పు పడతాయి. పిల్లరు మీద నిలువు పగులు, దాని వెంట ఎర్రటి చార ఉంటే అదే. స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించి, బరువు ఆగుతుందని కాగితం మీద రాయించుకోండి. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబుంటే ఇది మరీ తప్పనిసరి.

3. మెట్లు కూడా ఖాళీలోకి రాకుండా గీయించి, కొత్త ప్లాను పెట్టండి.