క్లోండైక్ బంగారు వేటలో సినిమాల్లో చూపించే సాహసం, ప్రేమ నిజంగా ఉన్నాయా?

సాహసం మాత్రం సినిమాల్లో కంటే ఎక్కువే. 1896 ఆగస్టులో కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, క్లోండైక్ నది దగ్గర ఒక వాగులో బంగారం దొరికింది. కబురు పొక్కాక దాదాపు లక్ష మంది బయల్దేరితే, ఆ బంగారు నేలకు దగ్గర్లోని డాసన్ పట్టణం చేరింది 30-40 వేల మందే. ఏడాదికి సరిపడా తిండి లేనిదే కెనడా పోలీసులు సరిహద్దు దాటనిచ్చేవారు కాదు. పనిముట్లతో కలిపి మనిషికి సుమారు టన్ను బరువు! దారిలో సరిహద్దు మీదున్న చిల్‌కూట్ కనుమ దగ్గర మంచులో చెక్కిన మెట్ల మీద ఆ సామాను కొంచెం కొంచెంగా వీపున మోస్తూ, అదే కొండను పదుల సార్లు ఎక్కి దిగాలి. తీరా చేరేసరికి మంచి జాగాలన్నీ ముందొచ్చినవాళ్లు పట్టేశారు.

ప్రేమ సంగతి అంత తియ్యగా లేదు. తొలి బంగారం దొరికిన బృందంలో జార్జ్ కార్మాక్, టాగిష్ తెగకు చెందిన అతని భార్య కేట్, ఆమె సోదరుడు స్కూకమ్ జిమ్ ఉన్నారు. డబ్బు చేతికొచ్చాక, 1900లో జార్జ్ ఆమెను వదిలేసి ఇంకొకామెను పెళ్లాడాడు. కష్టాల్లో కలిసి నడిచిన మనిషిని కలిమిలో వదిలేశాడన్నమాట! కేట్ తన సొంతవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లిపోయింది. 2019లో గనుల రంగంలో పేరు తెచ్చుకున్నవాళ్లను గౌరవించే కెనడా మైనింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆమెకూ చోటిచ్చారు, ఆమె చనిపోయిన 99 ఏళ్లకు.