డోసు గురించి అడిగారు, నేను జనం గురించి చెప్తాను

మత్తు సూది వేసి పట్టుకున్న జంతువు దారిలోనే చనిపోయిందంటే డోసు ఎక్కువైనట్టే కదా అని అడిగారు. 2022లో శ్రీకాకుళం జిల్లా కిడిసింగిలో పట్టుకున్న ఎలుగుబంటిని విశాఖ జూకు తీసుకెళ్తుంటే ప్రాణం పోయిందని గుర్తు చేశారు. ఆ ఒక్క ఎలుగుబంటి సంగతి కాదు, మొత్తంగా చెప్తున్నాను. పశువైద్యుడిగా అటవీ శాఖ వాళ్ల వెంట పదకొండేళ్లు తిరిగాను. ఎక్కువసార్లు చంపేది మందు కాదు, చుట్టూ మూగే జనం.

మదనపల్లె వైపు ఒక టమాటా తోట. అడవి పందుల కోసం కంచెకు ఎవరో బండి బ్రేక్ వైరుతో ఉచ్చు పెట్టారు. తెల్లారుజామున ఆడ చిరుత ముందు కాలు అందులో ఇరుక్కుంది. మేం చేరేసరికి పదిన్నర, ఏప్రిల్ ఎండ. ట్రాక్టర్ల మీద, మామిడి చెట్ల మీద, గట్ల మీద ఎక్కడ చూసినా మనుషులే. ఎవరో ఈల వేస్తారు, అది ఎగిరి పడుతుంది, వైరు ఇంకాస్త కోసుకుంటుంది. మళ్లీ ఈల.

నలభై అయిదు కిలోలుంటుందని కంటితోనే అంచనా వేసి, జైలజీన్, కెటమిన్ అనే రెండు మత్తుమందులు కలిపి తొడకు కొట్టాను. టీవీ వాళ్లు తుపాకీ అంటారు గానీ అందులోంచి పోయేది సిరంజి. సినిమాల్లో చూపించినట్టు తగలగానే పడిపోదు. పది నిమిషాలైనా పడుతుంది, ఆ పది నిమిషాలూ చీమ చిటుక్కుమనకూడదు. భయంతో రెచ్చిపోయిన ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంటే జైలజీన్ సరిగా పట్టదు. ఆరో నిమిషంలో చిరుత తల వాల్చింది. సరిగ్గా అప్పుడే ఎవరో ట్రాక్టర్ హారన్ కొట్టారు. దిగ్గున లేచి నిలబడింది. ఇరవై నిమిషాలు చూసి, వేరే దారి లేక ఇంకో సగం డోసు వేశాను. మీరన్నట్టు డోసు పెరిగింది. కానీ పెంచింది ఆ హారన్.

చివరికి పడిపోయాక జ్వరం చూస్తే 106. గుండె ఝల్లుమంది. పొట్ట మీద, గజ్జల్లో, పాదాల మీద నీళ్లు పోస్తూనే ఉన్నాం. కెటమిన్ ఇస్తే కళ్లు మూతపడవు, ఎండకు ఎండిపోతాయి, అందుకే కంటి ఆయింట్‌మెంట్ పెట్టి తడిగుడ్డ కప్పాం. అంత హడావిడిలో ఒక కుర్రాడు వచ్చి దాని పంజా పట్టుకుని ఫోటో తీసుకుంటానన్నాడు. ఆ తోట అవ్వ మాత్రం రెండు బిందెలు మోసుకొచ్చి, "దాని పానం పోతాంటే తిరణాల మాదిరి చూస్తాండారే, మీ ఇండ్లకు పోండబ్బా" అని అరిచింది. పోలీసుల మాట వినని జనం ఆమె మాటకు కాస్త వెనక్కి జరిగారు.

విరుగుడు ఇచ్చి వెంటనే లేపొచ్చుగా అంటారు. యోహింబిన్ జైలజీన్‌కే విరుగుడు. కెటమిన్‌కు విరుగుడు లేదు, దానంతట అదే దిగాలి. తొందరపడి ముందే ఇస్తే ఒంట్లో కెటమిన్ ఒక్కటే మిగిలి ఫిట్స్ రావచ్చు.

బోనులో పెట్టగానే బయలుదేరమని పైనుంచి ఒకటే ఫోన్లు. నేను కదలనివ్వలేదు. జైలజీన్ పడితే చిరుతలకు వాంతులు మామూలే. మత్తులో మెడ వంగి ఉంటే ఊపిరాడదు, వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తల తనంతట తాను ఎత్తి నిలిపేదాకా గంటన్నర చింత చెట్టు నీడలో కూర్చున్నాం. ఆ తర్వాత బోను చుట్టూ తడి గోనెపట్టాలు కట్టి తీసుకెళ్లాం. అయినా కెమెరాలు పట్టుకుని బైకులు వెంటపడ్డాయి.

ఏనుగుతో ఇంకా కష్టం. ఛాతీ మీద కూలబడితే దాని బరువే దాన్ని ఊపిరి తీసుకోనివ్వదు, వెంటనే పక్కకు తిప్పాలి. అది మనుషుల వల్ల అయ్యే పనా? 2025లో కర్ణాటక మన ఆంధ్రకు నాలుగు కుంకీలు, అంటే అడవి ఏనుగుల్ని అదుపు చేయడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు, ఇచ్చినప్పుడు చాలా సంతోషించాను. ఏనుగులొచ్చాయి సరే, ఈ పని నేర్చిన పశువైద్యులు జిల్లాకు ఒక్కరైనా ఉండాలి. గేదెలకు, మేకలకు వైద్యం చేసేవాణ్ణి పిలిచి డార్ట్ గన్ చేతిలో పెడితే ఎలా? నన్నూ మొదట అలాగే పిలిచారు.

చిరుత బోనెక్కింది కాబట్టి గండం గడిచిందని అందరూ అనుకున్నారు. నాకు అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. గంటల తరబడి పెనుగులాడిన కండరాలు లోపల చితికిపోతాయి, ఆ చెత్తంతా కిడ్నీలకు పడుతుంది. జింకలైతే ఇలా రెండు మూడు రోజుల తర్వాత కూడా చనిపోతాయి. అప్పుడూ అందరూ మత్తుమందునే తిడతారు. మొదటి రోజు బోను కింద రేకు మీద మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. సెలైన్లు పెట్టాం. రెండో రోజూ అదే రంగు. మూడో రోజు కొంచెం పలచబడింది గానీ మాంసం ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున్నే గార్డు ఫోన్ చేశాడు: "సార్, మామూలు రంగే. రాత్రి వేసిన కోడిని కూడా తినేసింది."