తృటిలో తప్పిన ప్రమాదం ఏం చెబుతోంది?

ప్రశ్న: బైకు మీద 60 వేగంతో వెళ్తుంటే పక్క రోడ్డులోంచి కారు ఒక్కసారిగా అడ్డం వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కితే వెనక చక్రం జారింది. ఎలాగో తగలకుండా ఆగాను. ఆ డ్రైవరు నా వైపు చూశాడు కూడా! తప్పు అతనిదైనప్పుడు నేను నేర్చుకునేది ఏముంటుంది?

జవాబు: తప్పు అతనిదే. కానీ దెబ్బ తగిలేది మీకు. అందుకని 'రెండు సెకన్ల ముందే నాకెలా తెలిసేది?' అని వెతకండి. 60 వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కారును గమనించి బ్రేకు అందుకునేలోపే ఆ సెకను అయిపోతుంది. పొడి రోడ్డు మీద చక్కగా బ్రేకు వేసినా ఆగడానికి ఇంకో 20 మీటర్లు కావాలి. అదే 40 వేగంలో అయితే అంతా కలిపి 20 మీటర్లే. కూడలి వస్తోందనగానే యాక్సిలరేటర్ తగ్గించి, రెండు వేళ్లు ముందు బ్రేకు మీద ఆనించి ఉంచితే ఆ మొదటి సెకనులోనూ కొంత మిగులుతుంది.

ఇక డ్రైవరు చూశాడన్నారు. తల మీ వైపు తిరిగినంత మాత్రాన మీరు కనబడ్డారనుకోవద్దు. కారు ముందు అద్దానికి పక్కనుండే బాడీ స్తంభం చాలు, సన్నటి బైకును పూర్తిగా కప్పేయడానికి. పైగా తిన్నగా తన వైపే వచ్చే బైకు పక్కకు జరిగినట్టు కనిపించదు, మెల్లగా పెద్దదవుతుందంతే. దాంతో ఇంకా దూరంలో ఉందనిపిస్తుంది. అమెరికాలో హ్యారీ హర్ట్ బృందం 900కు పైగా మోటారుసైకిల్ ప్రమాదాలను జరిగిన చోటే పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనంతో జరిగిన ప్రమాదాల్లో మూడింట రెండు వంతులకు కారణం, అవతలి డ్రైవరు బైకుకు దారి ఇవ్వకపోవడమే.

అందుకని డ్రైవరు కళ్లను నమ్ముకోకండి. కారు ముందు చక్రాన్ని చూడండి. బాడీ కదిలినట్టు తెలిసేలోపే చక్రం తిరగడం కనిపిస్తుంది. వీలుంటే మీ వరుసలోనే ఆ పక్క రోడ్డుకు దూరంగా జరగండి. మీకు ఎక్కువ దూరం కనిపిస్తుంది, మీరు జరగడం అతని కంటికీ ఆనుతుంది.

ప్రశ్న: మరి వెనక చక్రం ఎందుకు జారింది? ముందు బ్రేకు గట్టిగా పడితే బోర్లా పడతామని భయం.

జవాబు: బ్రేకు వేయగానే బరువంతా ముందుకు వాలుతుంది. వెనక టైరు తేలికై కొద్దిపాటి ఒత్తిడికే లాకవుతుంది, అంటే తిరగడం ఆగిపోయి జారుతుంది. ముందు టైరుకు అదే బరువు వల్ల పట్టు పెరుగుతుంది. అంటే బండిని ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకుదే. చిక్కల్లా దాన్ని ఒక్క ఉదుటున లాగినప్పుడు వస్తుంది: బరువు ఇంకా ముందుకు చేరకముందే చక్రం లాకైపోతుంది. మొదట మెల్లగా పిండి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కిందికి దిగాక ఒత్తిడి పెంచండి. లాకైతే వెంటనే వదిలి మళ్లీ పిండాలి. ఏబీఎస్ (చక్రం లాకవకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండిలో లివరు అదురుతున్నా వదలకూడదు.

వెనక చక్రం లాకై బండి అడ్డం తిరిగిపోయిందా, అప్పుడు మాత్రం వెనక బ్రేకును టక్కున వదలకండి. టైరుకు ఒక్కసారిగా పట్టు దొరికి బండి మిమ్మల్ని విసిరేస్తుంది.

ఖాళీ మైదానంలో, తారు లేదా సిమెంటు నేల మీద, హెల్మెట్, గ్లవ్స్ వేసుకుని 30 వేగంతో మొదలుపెట్టి పదేసిసార్లు సాధన చేయండి. అది కుదిరాకే 40, ఆ తర్వాత 50.

ప్రశ్న: ఇలాంటివి రాసిపెట్టుకోవాలా?

జవాబు: తప్పకుండా, అదే రోజు. మర్నాటికి మనసు 'బాగానే తప్పించుకున్నాను' అని కథ అల్లేస్తుంది. వేగం, వెలుతురు, తడి రోడ్డా పొడి రోడ్డా, ఆ క్షణంలో మీ చూపు ఎక్కడుంది, మొదటి సూచన ఏది, చేతులు ఏం చేశాయి: ఐదారు వాక్యాలు చాలు. నాలుగైదు చేరాక పదేపదే వచ్చేదాన్ని పట్టుకోండి. అన్నీ ముందు వాహనానికి మరీ దగ్గరగా వెళ్లినప్పుడే జరిగితే రెండు సెకన్ల ఎడం, వానలో నాలుగు, అలవాటు చేసుకోవాలి. అన్నీ ప్రయాణం చివర్లోనే అయితే అది అలసట.

దారిలో ఉండగా మాత్రం దాని గురించి ఆలోచించకండి. చేతులు వణుకుతుంటే రోడ్డుకు బాగా ఎడంగా ఆపి, ఇంజను కట్టేసి, పది నిమిషాలు కూర్చుని బయల్దేరండి.