నాన్నగారి అరికాళ్ల మంటలు వయసు వల్లేనా?

68 ఏళ్ల నాన్నగారికి రాత్రిళ్లు అరికాళ్లు మండుతున్నాయి, చీమలు పాకినట్టు ఉంటోంది, ఇది వయసు వల్లేనా, మెడికల్ షాపులో నరాల బిళ్లలు తెచ్చి వేస్తే సరిపోతుందా అని అడిగారు. దయచేసి బిళ్లలతో ఆపకండి. మేం అలాగే ఆపి రెండేళ్లు పోగొట్టుకున్నాం.

మేం మల్కాజిగిరిలో ఉంటాం. మా నాన్నకి ఇప్పుడు 71. షుగర్‌కి 12 ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. మొదట బొటనవేళ్ల దగ్గర తిమ్మిరి అన్నారు. దగ్గర్లో ఒక డాక్టరుకి చూపిస్తే "ఈ వయసులో మామూలే" అని బలానికి బిళ్లలు రాశారు. తర్వాత దుప్పటి తగిలినా మంటే. కొన్నాళ్లకి ఆ మంట తగ్గితే హమ్మయ్య అనుకున్నాం. తగ్గలేదండీ, స్పర్శే పోయింది.

ఆ సంగతి నాన్న చిలుకూరు బాలాజీ గుడికి వెళ్లొచ్చాక తెలిసింది. చెల్లికి వీసా వస్తే 108 ప్రదక్షిణలు చేస్తానని మొక్కుకున్నారు. ఏప్రిల్ ఎండలో, ఉత్త కాళ్లతో మొక్కు తీర్చుకుని ఇంటికొచ్చారు. హాల్లో గచ్చు మీద తడి మరకలు చూసి, నీళ్లు ఒలికాయనుకుని అమ్మ గుడ్డ తెచ్చింది. తుడిస్తే ఎర్రగా వచ్చింది. కుడి అరికాలి కింద రూపాయి బిళ్లంత బొబ్బ చితికిపోయి ఉంది. "నాకేం నొప్పి లేదే" అన్నారు నాన్న. ఆ పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది.

అప్పుడు న్యూరాలజిస్టు (నరాల డాక్టరు) దగ్గరికి వెళ్లాం. ఆయన ట్యూనింగ్ ఫోర్క్ మోగించి బొటనవేలి ఎముక మీద పెట్టారు. చేతికి తెలిసిన అదురు కాలికి తెలియలేదు. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకి వెళ్లేవే కాబట్టి దెబ్బ ముందు అక్కడే తగులుతుందట. షుగర్ ఒక్కటే కాదు, మా నాన్నకి బి12 కూడా 142 ఉంది. 200 కన్నా తక్కువైతే లోపం కిందే లెక్క. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. గ్యాస్‌కి రోజూ వేసుకునే పాంటాప్రజోల్ లాంటివీ అంతే. పైగా మేం శాకాహారులం. ఇంజెక్షన్లు చేయించాక తిమ్మిరి బాగా తగ్గింది కానీ పోయిన స్పర్శ పూర్తిగా రాలేదు. ముందే చూపించి ఉంటే అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్), బి12, థైరాయిడ్, క్రియాటినిన్ (కిడ్నీ) పరీక్షల గురించి డాక్టరుని అడగండి. షుగర్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. షాపులో ఇచ్చే నరాల బిళ్లల్లో చాలావాటిలో బి6 ఉంటుంది. అది ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే అదే నరాలని దెబ్బతీస్తుంది. మంటకి ప్రీగాబాలిన్ రాస్తే, రాత్రి బాత్రూంకి లేచినప్పుడు కళ్లు తిరుగుతాయేమో గమనించండి. మా నాన్న ఒకసారి తూలి గోడ పట్టుకున్నారు. డాక్టరుకి చెబితే, కిడ్నీ రిపోర్టు చూసి మోతాదు తగ్గించారు.

వేడి నీళ్లలో కాళ్లు పెట్టమని అందరూ చెబుతారు, వద్దు. కాలికి వేడి తెలియనప్పుడు ఇట్టే కాలుతుంది. మేం స్నానం నీళ్లు కూడా అమ్మ మోచేత్తో చూశాకే పోస్తున్నాం. భోజనాలయ్యాక నేను నాన్న పాదాలు ఒళ్లో పెట్టుకుని, ఫోన్ టార్చ్ వేసి వేళ్ల సందులు కూడా చూస్తాను. మొదట్లో మొహమాటపడేవారు. ఇప్పుడు నేను ఆఫీసు నుంచి లేటైతే ఆయనే అద్దం పెట్టుకుని చూసుకుంటున్నారు.

బలహీనత ఒక్కసారిగా ఒకవైపే వచ్చినా, రోజుల్లో కాళ్ల నుంచి పైకి పాకినా, మూత్రం మీద అదుపు పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

ఇంకొకటి నాన్నగారిని అడగండి: నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదా? ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకోగానే తూలుతున్నారా? అవునంటే బాత్రూంలో పట్టుకోవడానికి రాడ్ ఈ వారమే బిగించండి.